ధర్మి ఆగిన చోటు

మా తండా పేరు ధర్మి తండా. బాన్సువాడ నుంచి పడమటి వైపు పోతుంటే, మంజీర ఇంకా కనపడక ముందే కుడిచేతికి ఎర్రమట్టి బాట ఒకటి చీలుతుంది. ఆ బాట చివర ఉంటాం మేము. చుట్టుపక్కల తండాలన్నిటికీ వాటిని కట్టిన నాయకుల పేర్లున్నాయి. మాదొక్కటే ఆడమనిషి పేరు మీద నడిచింది. బస్సులో కండక్టరు ఆ పేరు విని, ధర్మి అంటే దేవతా అని అడిగితే మా బాపు దేవ్‌సింగ్ మీసం సవరించుకుని, దేవత కాదు, మా తాతకు తల్లి అనేవాడు.

ఆమె కథ మా ఇంట్లో అందరికీ వచ్చు. మా లంబాడోళ్లు ఆ కాలంలో ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని సముద్రం దిక్కు నుంచి పైదేశానికి తిరిగేవాళ్లు. ఊరు లేదు, పొలం లేదు. మంద ఎక్కడ దిగితే అదే ఇల్లు. ధర్మి అట్లాంటి బిడారులో పుట్టి, అట్లాంటి బిడారుకే కోడలైంది. రైళ్లు వచ్చాక ఉప్పు మోత తగ్గిపోయింది. ఆ వెనకే పెద్ద కరువు పడింది. దారిలో గత్తర, అంటే కలరా, తగిలి ఆమె భర్త పోయాడు. బిడారు పెద్ద ఆమెకు బావ. ఆయన మంజీర దాటి దెగ్లూరు దిక్కు పోదామన్నాడు. ధర్మి తన ఎద్దులు నడవలేకుండా ఉన్నాయని చెప్పి, కొడుకు సోమ్లాను చంకనేసుకుని ఈ గుట్ట వారన ఆగిపోయింది. ఆమె వెంట ఇంకో నాలుగు గుడిసెలవాళ్లు ఆగారు. తండాకు మొదలు అదే.

మూటలు మోసే ఎద్దుకు కాడి మోయడం తెలియదు. మెడ మీద కర్ర పడగానే పడుకునేదట. ధర్మి ముందు నడిచి పాట పాడేదట. ఆమె గొంతు వెంట నడవడం ఎద్దుకు అలవాటే కాబట్టి, వెనక నాగలి ఉన్న సంగతి మరిచిపోయి నడిచేదట. కొన్నాళ్లకు ఆమె ముందు నుంచి వెనక్కి వచ్చి నాగలి పట్టింది. ఆడది నాగలి ముడితే వానలు పడవని కింది ఊరివాళ్లు పటేలుకు ఫిర్యాదు చేశారు. ఆ ఏడు చెరువు అలుగు దూకింది. పటేలు నవ్వి, ఇంకొంచెం అడవి కొట్టుకోమన్నాడట. ఈ భాగం చెప్పేటప్పుడు బాపు తనే ఆ అలుగు చూసినట్టు చెప్పేవాడు.

ఇది మేము చిన్నప్పటి నుంచీ విన్న కథ. ఇందులో ఒక ముక్క తక్కువ ఉందని మా అన్న తారాచంద్ పెండ్లి మాట వచ్చిన సంవత్సరం తెలిసింది. అది 1978. నేను అప్పుడు బాన్సువాడ హైస్కూల్లో చదువుతున్నాను.

అన్న రుద్రూరులో, వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో పని చేసేవాడు. వరి మడుల దగ్గర కూలీలతో నాట్లు వేయించడం, ఏ మడిలో ఏ రకం ఉందో చూసుకోవడం ఆయన పని. ఆ వానకాలం నాకు టైఫాయిడ్ వస్తే బాన్సువాడ దవాఖానలో చేర్చారు. అక్కడ కొత్తగా వచ్చిన నర్సు నీల. పిట్లం దగ్గరి తండా పిల్ల. నాకు సూది వేసేటప్పుడు మా భాషలో ఊరుకోబెట్టింది. ఆ దవాఖానలో మా భాష మాట్లాడే నర్సును చూడడం నాకు అదే మొదలు. జ్వరంలో కూడా సంతోషమనిపించింది. అన్న రుద్రూరు నుంచి బస్సులో నన్ను చూడడానికి వచ్చేవాడు. నా జ్వరం తగ్గినా ఆయన రావడం తగ్గలేదు.

మా వాళ్లలో ఇద్దరు కొత్తవాళ్లు కలిస్తే మొదట అడిగేది గోత్రం. అన్న అడిగాడు. రాథోడ్ అంది నీల. మేమూ రాథోడ్‌లమే అన్నాడు అన్న. ఒక గోత్రమంటే ఒక రక్తం, అన్నాచెల్లెళ్ల వరస. ఇద్దరూ నవ్వి ఊరుకున్నారు. అక్కడితో అయిపోవాలి. కాలేదు.

దీపావళి తర్వాత అన్న ఇంటికి వచ్చి బాపుతో చెప్పాడు. బాపు అరవలేదు. పలుగు పక్కన పెట్టి, చెల్లెలి వరస పిల్లను ఎట్లా అడుగుతున్నావని మాత్రం అన్నాడు. పట్నంలో అట్లా చేసుకుంటున్నారని అన్న ఏదో చెప్పబోయాడు. బాపు లేచి పొలానికి పోయాడు. అప్పటికే పిట్లంలో నీల తండ్రి చందూలాల్‌కు సంగతి తెలిసింది. ఆయన మా ఇంటికి వచ్చాడు. తగువు అవుతుందని మా యాడి, అంటే అమ్మ, భయపడింది. తగువేమీ కాలేదు. ఇద్దరు తండ్రులూ గడప దగ్గర కూర్చుని చాయ్ తాగి, ఇది జరగకూడదని ఒకే మాట మీద లేచారు. అంత తొందరగా ఒప్పందానికి వచ్చిన వియ్యంకులను నేను మళ్లీ చూడలేదు.

అన్న రుద్రూరులోనే ఉండిపోయాడు. పండుగకు కూడా రాలేదు. నీల బిచ్కుందకు బదిలీ అడిగిందని విన్నాను. నేనొక రోజు బడి నుంచి దవాఖానకు పోతే, ఆమె నన్ను చూసి పలకరించి, మీ అన్న బాగున్నాడా అని కూడా అడగలేక, నాలుక చూపించమంది. నాకు జ్వరం లేదు. అయినా చూపించాను.

ఇదంతా మా దాది గమనిస్తూ ఉంది. దాది అంటే బాపు తల్లి భీమ్లి. ఆమెకు అప్పటికి ఎనభై దగ్గర పడ్డాయి. చిన్నపిల్లగా ఈ ఇంటికి కోడలై వచ్చింది. సోమ్లా కొడుకు లోక్యా ఆమె భర్త. ధర్మి చివరి రోజుల్లో మంచం పడితే కడిగింది, తినిపించింది దాదే. తండాలో ధర్మిని కళ్లారా చూసి, బాగా గుర్తుపెట్టుకున్న మనిషి ఆమె ఒక్కతే మిగిలింది. కానీ ధర్మి కథ బాపు చెప్పేవాడు గానీ దాది ఎప్పుడూ చెప్పలేదు. అడిగితే, మీ బాపు చెప్పిండు కదా అనేది.

ఒక ఉదయం బాపు బిచ్కుంద అంగడికి పోవడానికి బండి కడుతున్నాడు. దాది వాకిట్లో జొన్నలు చెరుగుతోంది. చాట కింద పెట్టి పిలిచింది.

"దేవ్‌సింగ్, గిట్ల కూసో. నీ కొడుకు రాథోడ్ కాడు. నువ్వూ కావు."

మేము ఇంట్లో మాట్లాడేది మా భాషే. ఇక్కడ ఈ ప్రాంతపు తెలుగులో రాస్తున్నాను. ఆమె ఆ మాట అన్న తీరు మాత్రం ఏ భాషలోకైనా అంతే వస్తుంది. కూర ఉడికిందని చెప్పినట్టు చెప్పింది.

బాపు కాడి పట్టుకునే నిలబడ్డాడు. దాది చెప్పింది.

ధర్మికి ఒక కొడుకు పుట్టిన మాట నిజమే. వాడి పేరు సోమ్లా. తండ్రి పోయిన నెల లోపలే, అదే దారిలో, జ్వరంతో వాడూ పోయాడు. బిడారు ఆగలేదు. పిల్లవాణ్ణి దారి పక్కన పూడ్చి, ధర్మిని రెక్క పట్టుకుని నడిపించారు. ఆ తర్వాత బిడారు దిగిన చోట ఒక చింతచెట్టు కింద కరువుకు ఊరు విడిచి వచ్చిన మనుషులు పడి ఉన్నారు. చాలామంది చనిపోయి ఉన్నారు. ఒక తల్లి పక్కన రెండేళ్ల పిల్లవాడు కూర్చుని ఉన్నాడు. ఏడవడం లేదు. తల్లి కొంగు పట్టుకుని, ఎవరు దగ్గరికి పోయినా బువ్వ అంటున్నాడు. మావాళ్లలో ఎవరూ అనే మాట కాదది. తెలుగువాళ్ల పిల్లవాడు. ధర్మి వాడి చేతిలోంచి ఆ కొంగు విడిపించి ఎత్తుకుంది. ఆమెకు పాలు ఇంకా ఆరలేదు.

మా వాళ్లు తమను తాము గోర్ అనుకుంటారు. బయటివాళ్లు వేరు. బయటి పిల్లవాణ్ణి బిడారులో పెట్టుకుంటే గోత్రం మైల పడుతుందని ఆమె బావ అన్నాడు. ఊళ్లో దింపి రా, లేకపోతే నువ్వూ ఇక్కడే ఉండు అన్నాడు. ధర్మి ఉండిపోయింది. ఎద్దులు నడవలేక ఆగిందన్నది తర్వాత కట్టిన మాట. ఆ ఎద్దులు ఇంకా నడిచేవే.

"నీ తాతకు గా పేరు ఆమె సచ్చిపోయిన కొడుకుది," అంది దాది. "నాకు చెప్పి, ఎవ్వలకు చెప్పనని ఒట్టు వెట్టించుకున్నది. గిన్నేండ్లు చెప్పలే. మీ బాపుకు సుత చెప్పలే. ఇగ పోరడు ఇల్లు విడిచిండు. పిల్ల ఊరు విడుస్తున్నది. రక్తం ఒక్కటని గద మీరు వద్దంటున్నరు. రక్తం ఒక్కటి కాదు."

బాపు అడిగాడు.

"మరి మా తాత ఎవ్వల కొడుకు?"

"తెల్వదు బిడ్డా. ధర్మికి సుత తెల్వదు."

బాపు అంగడికి పోలేదు. ఎద్దులను విప్పి కట్టేసి పొలానికి పోయాడు. ఆ రోజు నుంచి దాదితో మాట్లాడడం మానేశాడు. కోపమని అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, ఆయన తన జీవితమంతా ఎవరి పేరు చెప్పి మీసం సవరించుకున్నాడో ఆ మనిషి ఒక్కసారిగా తనది కాకుండా పోయింది. భయం కూడా ఉంది. ఆ మధ్యే మమ్మల్ని షెడ్యూల్డు తెగల్లో చేర్చారు. ఇప్పుడు గోర్ కాదని తేలితే అన్న ఉద్యోగం ఉంటుందా, మేము ఈ తండాలో ఉంటామా అని యాడితో అనడం విన్నాను.

దాది మాత్రం మొదలుపెట్టిన పని ఆపలేదు. నన్ను వెంటబెట్టుకుని తండా నాయక్ మోతీలాల్ ఇంటికి పోయి పంచాయితీ అడిగింది. ఎందుకో చెప్పలేదు. అందరి ముందే చెప్తానంది. అన్నకు కబురు పెట్టించింది. పిట్లం నుంచి చందూలాల్‌ను కూడా పిలిపించింది.

పంచాయితీ మా దేవత మేరామ గుడి ముందు గద్దె దగ్గర జరిగింది. ఇంటికొక్కరు వచ్చారు. ఆడవాళ్లు గోడ వారన కూర్చున్నారు. దాది లేచి నిలబడి, వాకిట్లో బాపుకు చెప్పినదంతా చెప్పింది. బాపు తల వంచుకుని నేల మీద పుల్లతో గీస్తున్నాడు. అన్న మొహం తెల్లబోయింది. ఆయనకు ముందుగా ఎవరం చెప్పలేదు.

అందరూ మోతీలాల్ మామ వైపు చూశారు. కానీ మొదట మాట్లాడింది చందూలాల్. ఆయన మంచి మనిషి. కష్టంగానే అన్నాడు. అబ్బాయి గోర్ కాకపోతే తన బిడ్డను ఎట్లా ఇస్తాడు, గోర్ అయితే రాథోడే అవుతాడు, అప్పుడూ ఇవ్వలేడు, తనకు రెండు దిక్కులా తలుపు మూసే ఉంది అన్నాడు. దాది మొహంలో ఆ మాట తగలడం నేను చూశాను. ఆమె అంత దూరం ఆలోచించలేదు.

అప్పుడు మోతీలాల్ మామ తలపాగా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఆయనది పవార్ గోత్రం, మా రాథోడ్‌లకు వియ్యం కలిసే వరస. వాళ్ల తాత హీర్యా, ధర్మితో పాటు ఆగిన నలుగురిలో ఒకడు.

"భీమ్లి యాడీ, గీ ముచ్చట నీకొక్కదానికే ఎరుక అనుకున్నవా?" అన్నాడు. "మా తాత మా బాపుకు చెప్పిండు. మా బాపు నాకు చెప్పిండు. ఆగిన నాలుగిండ్లల్ల పెద్దోళ్లందరికీ ఎరుకే. ఎవ్వలం నోరు తెరవలే. మా తాత ఎందుకు ఆగిండో ఎరుకనా? ధర్మి బావ అన్న మాట ఆయనకు నచ్చలే. గందుకు ఆగిండు."

గోడ వారన ఒక ముసలామె తల ఊపింది. ఆమెది కూడా ఆగిన ఇల్లే. దాది ఆమె వైపు తిరిగి చూసింది. అరవై ఏళ్లు ఆ ఇద్దరూ ఒకే బావి దగ్గర నీళ్లు చేదారు. ఒకరికి తెలుసని ఇంకొకరికి తెలియదు.

మోతీలాల్ మామ ఇంకా చెప్పాడు. మొదటి పంట ఇంటికి వచ్చిన నాడు ధర్మి నిప్పు రాజేసి, నలుగురిని కూర్చోబెట్టి, పిల్లవాణ్ణి ఒళ్లో పెట్టుకుని, వీడు రాథోడ్ అని చెప్పింది. ఆ నాడు అన్నం వండింది హీర్యా. నలుగురూ ఆ అన్నం తిన్నారు. అన్నం తిన్నాక మాట తప్పడం ఉండదు. సోమ్లా రాథోడ్, లోక్యా రాథోడ్, దేవ్‌సింగ్ రాథోడ్. కాదు అనడానికి తనకే కాదు, ఎవరికీ హక్కు లేదు.

"పెండ్లి కోసమని ఇయ్యాల కాదంటే," అన్నాడు, "రేపు ఇంకేదానికోసమో అంటరు. ఆమె ఇచ్చింది మనం తీస్కునేది కాదు."

నేను బాపునే చూస్తున్నాను. ఆయన చేతిలో పుల్ల ఆగిపోయింది. కళ్లు తుడుచుకోవడానికి తలపాగా కొస వెతుక్కుంటున్నాడు. ఆయనకు పోయిందనుకున్నది తిరిగి వచ్చింది. అన్నకు మాత్రం దారి మూసుకుపోయింది. ఒకే మాటతో రెండూ జరిగాయి.

అన్న లేచి, నాయక్ మామ చెప్పింది న్యాయమే అన్నాడు. నీల కోసం ధర్మి నాకేమీ కాదని అనలేను అన్నాడు. ఆ సాయంత్రం బస్సుకే రుద్రూరు పోయాడు.

దాది పడుకుంది. జ్వరమేమీ లేదు. ఒట్టు తప్పాను, అది కూడా ఉత్తగనే తప్పాను అని నాతో అనేది. యాడి జావ కాచి ఇస్తే రెండు గుక్కలు తాగి పక్కన పెట్టేది. బాపు గడప దాకా వచ్చి చూసి వెళ్లిపోయేవాడు. ఆయనకు ఇప్పుడు కోపం లేదు. ఇన్నాళ్లు మాట్లాడకుండా ఉండి, ఎట్లా మొదలుపెట్టాలో తెలియడం లేదు.

అప్పుడు పార్వతీబాయి వచ్చింది. ఆమె మోతీలాల్ మామ భార్య. అందరూ కొడుకులే ఆమెకు. దాదికి రేగుపండ్లు తెచ్చి, మంచం పట్టె మీద కూర్చుని, ఊళ్లో సంగతులన్నీ చెప్పింది. పోవడానికి లేచి మళ్లీ కూర్చుంది. కొంగు వేలికి చుట్టుకుంటూ, నవ్వద్దు అని ముందే చెప్పింది.

"గా రోజు మా ఆయన చెప్తుంటే నాకొకటి అనిపించింది. అన్నం వండి, నలుగురిల కూసోబెట్టి, పిలగానికి గోత్రం ఇయ్యొచ్చంటే, పిల్లకు సుత ఇయ్యొచ్చు గద. మేము పవార్‌లం. నాకు బిడ్డ లేదు."

దాది లేచి కూర్చుంది. ఆ జావ ఇటియ్యి చాంద్రీ అంది నాతో.

మోతీలాల్ మామను ఒప్పించడం ఎంత కష్టమైందో నాకు తెలియదు. పార్వతీబాయి తర్వాత చెప్పిన దాని ప్రకారం, ఆయన రెండు రోజులు ఏమీ అనలేదట. మూడోనాడు అన్నం తింటూ, మరి పిల్ల తండ్రి ఏమంటాడో అన్నాడట. అంటే ఒప్పుకున్నట్టే.

పిట్లానికి దాది, పార్వతీబాయి, నేను పోయాం. బస్సులో దాదికి కిటికీ పక్కన చోటు దొరికింది. మంజీర దాటేటప్పుడు నీళ్ల వైపు తొంగి చూసి, ధర్మి ఈ నది ఎన్నడూ దాటలేదట అని చెప్పింది. ఎవరైనా పిలిచినా అవతలి ఒడ్డున తనకేం పని అనేదట.

చందూలాల్ మమ్మల్ని మర్యాదగా కూర్చోబెట్టాడు. విషయం విని మర్యాద మరిచిపోయాడు. బతికున్న బిడ్డను ఇంకొకరికి రాసిచ్చేంత బీదవాణ్ణి కాదన్నాడు. తాను చదివించాడు, హాస్టల్‌లో వేసి నర్సును చేశాడు, పెండ్లినాడు తండ్రి అని ఇంకొకణ్ణి పిలిపించుకోవడానికా అన్నాడు. అందులో తప్పేముంది. పార్వతీబాయి కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. ఆయన చెప్పులు వేసుకుని బయటికి పోయాడు.

నీల తల్లి కేస్లీ మాత్రం పొయ్యి దగ్గర నుంచి కదలలేదు. రొట్టె కాలుస్తూనే అడిగింది.

"నా బిడ్డ ఇగ నన్నేమని పిలవాలె?"

"యాడి అనే పిలుస్తది," అంది పార్వతీబాయి. "నన్ను సుత గదే అంటది. రెండుసార్లంటే నోరు అరుగుతదా?"

కేస్లీ నవ్వలేదు. దాది ఆమె పక్కకు జరిగి కూర్చుంది.

"చింతచెట్టు కింద సచ్చిపోయిన తల్లి గురించి నాకు ఎప్పుడూ మనసుల ఉంటది," అంది. "పిలగాన్ని ఎవరు ఎత్తుకుంటరో, ఎత్తుకుంటరో లేదో ఆమెకు తెల్వదు. కొంగు వాని చేతిల పెట్టి పోయింది. నిన్ను గట్ల ఎవ్వలు విడువమంటలేరు. నువ్వు ఉంటవు. పిల్ల నీ ఇంటికొస్తది. పేరొక్కటే ఇయ్యి."

కేస్లీ పెనం మీద రొట్టె మాడుతున్నా చూసుకోలేదు. పిల్ల రెండు నెలలుగా ఇంటికి వచ్చినప్పుడల్లా నవ్వుతూనే ఉంటుందని, ఆ నవ్వు చూడలేకపోతున్నానని చెప్పింది. చందూలాల్‌తో తాను మాట్లాడతానంది. మాకు రొట్టెలు పెట్టింది. మాడిన రొట్టె తనే తీసుకుంది.

చందూలాల్ నుంచి కబురు రావడానికి ఎండాకాలం వచ్చింది. ఒప్పుకున్నాడు గానీ, అన్నం నాడు తాను రానన్నాడు. కేస్లీ తన అన్నను వెంటబెట్టుకుని నీలను తీసుకుని వచ్చింది. మోతీలాల్ మామ వాకిట్లో నిప్పు రాజేశారు. వంట బాపు చేశాడు. ఎవరూ చెప్పలేదు. తనే వచ్చి గంటె తీసుకున్నాడు. ఆగిన నాలుగిండ్ల వాళ్లూ, మిగతా తండా వాళ్లూ కూర్చున్నారు. నీల పార్వతీబాయి పక్కన కూర్చుంది. మోతీలాల్ మామ, ఈమె నా బిడ్డ, పవార్ అన్నాడు. అందరం తిన్నాం. అన్నంలో ఉప్పు కొంచెం ఎక్కువైంది. బాపుకు వంట రాదు.

తింటున్నప్పుడే బాపు దాది విస్తరి ముందు ఆగి, ఇంకొంచెం పెట్టనా యాడీ అని అడిగాడు. దాది విస్తరి ముందుకు జరిపింది. నెలల తర్వాత వాళ్లు మాట్లాడుకున్న మొదటి మాట అదే.

పెండ్లి అదే ఎండాకాలం జరిగింది. నీల మోతీలాల్ మామ ఇంటి నుంచే పెండ్లికూతురైంది. మా వాళ్లలో పెండ్లికూతురు పుట్టింటిని విడిచేటప్పుడు ఒక్కొక్కరి మెడ పట్టుకుని పాటగా ఏడుస్తుంది. ఇంటి గడపను, బావిని, ఎద్దులను తలుచుకుని ఏడుస్తుంది. నీలకు ఆ పాట రాదు. హాస్టల్‌లో పెరిగిన పిల్ల. దాది నేర్పింది. పార్వతీబాయి మెడ పట్టుకుని మొదలుపెట్టింది. రెండు మాటలు అనగానే వెనక చుట్టాల్లో నిలబడ్డ కేస్లీ కనపడింది. పాట మరిచిపోయింది. ఊరికే యాడీ అంది. ఎవరిని అందో ఎవరికీ తెలియదు. పార్వతీబాయి తన మెడ మీది చేయి తీయకుండానే రెండో చేత్తో కేస్లీని లాగింది. ముగ్గురూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. పాట లేకుండానే.

చందూలాల్ పెండ్లికి వచ్చాడు గానీ చుట్టంలాగా దూరంగా, బండ్ల దగ్గర నిలబడ్డాడు. పిల్ల చేయి పెండ్లికొడుకు చేతిలో పెట్టే సమయానికి మోతీలాల్ మామ ఆగిపోయాడు. అందరూ చూస్తుండగా లేచి, బండ్ల దాకా పోయాడు.

"నాకు ఆడపిల్ల పెండ్లి చేసిన అలవాటు లేదు," అన్నాడు. "నువ్వొచ్చి నా పక్కన నిలబడు."

చందూలాల్ వచ్చాడు. అన్న చేతిలో నీల చేయి పెట్టింది మోతీలాల్ మామే. కానీ ఆయన మోచేయి కింద చందూలాల్ చేయి ఉంది.

ఆ తర్వాత వచ్చిన దీపావళికి అన్న, నీల తండాకు వచ్చారు. ఆ పండుగకు మేము ఇంటి పెద్దలను తలుచుకుంటాం. పొయ్యిలోంచి నిప్పులు తీసి, ఒక్కొక్కరి పేరు చెప్తూ బెల్లపన్నం, నెయ్యి వేస్తాం. బాపు లోక్యా పేరు చెప్పాడు. సోమ్లా పేరు చెప్పాడు. ధర్మి పేరు చెప్పాడు. అక్కడితో లేవాలి. లేవలేదు. ఇంకో ముద్ద చేతిలోకి తీసుకుని దాది వైపు చూశాడు. పేరు తెలియని మనిషిని ఏమని పిలవాలని ఆయన సందేహం.

"తాతను కన్న తల్లి అను," అంది దాది. "ఆమెకు అర్థమైతది."

బాపు ఆ మాట తెలుగులో అన్నాడు. మా పూజలో తెలుగు మాట పలకడం అదే మొదలు. ఆమెకు మా భాష రాదు కదా అని తర్వాత అన్నాడు. నిప్పుల మీద నెయ్యి చిటపటలాడింది. దాది కళ్లు మూసుకుని కూర్చుంది.

దాది ఇంకో నాలుగేండ్లు బతికింది. నీలకు మొదట ఆడపిల్ల పుట్టింది, బాన్సువాడ దవాఖానలోనే. మా దగ్గర పుట్టింటివాళ్లు తొట్టెల, అంటే ఊయల, తేవాలి. పార్వతీబాయి, మోతీలాల్ మామ టేకుతో చేయించిన తొట్టెల బండి మీద తెచ్చారు. అదే రోజు పిట్లం బస్సు పైన కట్టించుకుని చందూలాల్ ఇంకోటి తెచ్చాడు. అన్న వాళ్లది బాన్సువాడలో చిన్న కిరాయి గది. రెండు తొట్టెలలు పడితే మనుషులకు చోటు లేదు. ఎవరిది ముందు వాడాలన్న దాని మీద ఇద్దరు తాతలూ బుసలు కొడుతూ కూర్చున్నారు. దాది వాళ్ల మాట వినకుండా పిల్లను ఎత్తుకుని తన ఒళ్లో పడుకోబెట్టుకుంది.

"తొట్టెలలు రెండూ బయట పెట్టుండ్రి," అంది. "మొదలు చాయ్ తాగుండ్రి."